సగం మాటలో పురాణం: ఐర్లండు ఆధునికులు, హోసూరు చెవులు

'రామాయణంలో పిడకలవేట' అన్న మాట తెలుగువాళ్ళ నోట తరచుగా వినిపించేదే. సాగుతున్న విషయం మధ్యలో సంబంధం లేని సంగతి ఎవరైనా తెస్తే అలా అంటాం. ఈ మాట అర్థం కావడానికి రామాయణం తెలిస్తే చాలదు. వాల్మీకిలో పిడకలవేట లేదు. కృష్ణగిరిలోనో హోసూరులోనో తమిళ మాధ్యమంలో చదువుకున్న తెలుగింటి అమ్మాయికి ఈ మాట చెప్పి చూడండి. ఆమెకు రాముడు తెలుసు. పిడక అంటే ఏమిటో ఇంకా బాగా తెలుసు. ఆ రెంటినీ ఎందుకు ముడిపెట్టారో మాత్రం తెలియదు. కథ ఆమెకు చేరింది, మాట చేరలేదు.

ఐర్లండు ఆధునిక సాహిత్యంలోని మతగాథలను గురించి రాయబోతూ మేము పిడకలతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. తెలుగునాడుకు వెలుపల చదువుకుంటూ ఇంగ్లీషు సాహిత్యాన్ని పాఠ్యాంశంగా తీసుకున్న విద్యార్థులు యేట్స్‌నూ జాయిస్‌నూ చదివేటప్పుడు ఒక ఫిర్యాదు చేస్తుంటారు: మూలం కన్నా అధోజ్ఞాపికలే ఎక్కువగా ఉన్నాయని. ఫిర్యాదు న్యాయమైనదే. కాని ఆ అధోజ్ఞాపికలు చెప్పేది గాథను మాత్రమే. ఫలానా సాధువు ఫలానా శతాబ్దంలో ఫలానా రాజును శపించాడని చెబుతాయి. రచయిత ఆ గాథను సగం మాటలో తలచినప్పుడు స్వదేశి పాఠకుడి చెవిలో ఏం మోగిందో చెప్పవు. గాథ వేరు, సూచన వేరు. గాథ కథావస్తువు. సూచన, చెప్పేవాడికీ వినేవాడికీ నడుమ ముందే కుదిరి ఉన్న ఒక ఒప్పందం. మన ఆలంకారికులు ధ్వనికి సహృదయుణ్ణి షరతుగా పెట్టింది అందుకే. ఈ తేడాను పట్టుకుని నలుగురైదుగురు ఐర్లండు రచయితలను చదివితే, ఎవరి పురాణం బతికింది, ఎవరిది అలంకారంగా మిగిలింది అన్నది తేటపడుతుందని మా అభిప్రాయం.

మనకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చిన ఐర్లండు కవితో ఆరంభిద్దాం. దగ్గర అన్నది ఇక్కడ దూరం లెక్కలోనే. హోసూరు నుంచి కోలారు మీదుగా మదనపల్లె చేరడానికి ఒక పూట చాలు. ఆ మదనపల్లెలో 1956లో కన్నుమూసిన జేమ్స్ కజిన్స్, 1873లో బెల్‌ఫాస్టులో పుట్టినవాడు. డబ్లిన్‌లో యేట్స్ తరం నాటకోద్యమం మొదలైన రోజుల్లో ఆయన కూడా నాటకాలు రాశాడు. 1904 వేసవిలో, ఇల్లూ వాకిలీ కుదురులేని కుర్రవాడు జేమ్స్ జాయిస్ కొద్ది రోజులు తలదాచుకున్నది కజిన్స్ దంపతుల ఇంట్లోనే. 1912లో జాయిస్ రాసిన ఎగతాళి పద్యంలో కజిన్స్ పేరుకు కూడా ఒక పోటు తగిలింది. కజిన్స్ 1915లో దివ్యజ్ఞాన సమాజం పనిమీద మద్రాసు వచ్చాడు. 1916లో డబ్లిన్ ఈస్టర్ తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసినందుకు అనీబిసెంటు పత్రిక 'న్యూ ఇండియా'లో ఉద్యోగం పోగొట్టుకుని మదనపల్లె కళాశాలకు చేరాడు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు అక్కడికి వచ్చి 'జనగణమన'కు ఇంగ్లీషు అనువాదం రాసిందీ, కజిన్స్ భార్య మార్గరెట్ ఆ పాటకు స్వరాలు కట్టిందీ మీలో చాలామంది విన్నవే. ఒక ముఖ్యమైన సాహిత్యోద్యమం నుంచి వచ్చిన మనిషి మన పక్క ఊళ్ళో అంతకాలం పాఠాలు చెప్పాడన్న సంగతి మాత్రం మన విద్యార్థులకు ఎవరూ చెప్పరు.

కజిన్స్ 1912లో 'ఎటెయిన్ ది బిలవెడ్' అన్న దీర్ఘకావ్యం ప్రచురించాడు. అది పాత ఐరిష్ గాథ. ఎటెయిన్ మర్త్యలోకంలో ఒక రాజుకు భార్య. పూర్వజన్మలో ఆమె భర్త అయిన దేవజాతివాడు మిథిర్ ఆమెను వెతుక్కుంటూ వస్తాడు. అదే సంవత్సరం వెలువడిన 'ది విజ్‌డమ్ ఆఫ్ ది వెస్ట్' అన్న పుస్తకంలో ఇలాంటి ఐరిష్ గాథలన్నిటికీ ఆయన అధ్యాత్మపరమైన అర్థాలు చెప్పాడు. రాజు, రాణి, దేవత, సరస్సు, అన్నీ జీవాత్మ ప్రయాణంలోని దశలు. ఆయన చిత్తశుద్ధిని మేము శంకించడం లేదు. కాని అన్ని గాథలకూ అర్థం ఒకటే అయినప్పుడు ఏ గాథకూ ముఖం మిగలదు. మన దగ్గర కూడా పురాణ ప్రవచనాలు విన్నవారికి ఈ పద్ధతి కొత్త కాదు: పంచపాండవులు పంచేంద్రియాలు, ద్రౌపది బుద్ధి, కౌరవులు నూరు దుర్గుణాలు. అలా చెప్పాక ద్రౌపది జుట్టు ఎందుకు విరబోసుకుందో ఎవరికీ పట్టదు. కజిన్స్ చేతిలో ఎటెయిన్‌కు జరిగింది అదే.

యేట్స్ కూడా దివ్యజ్ఞానం దారిలో కొంతదూరం నడిచినవాడే. ఆయనకూ ఐరిష్ భాష రాదు. పాత గాథలు ఆయనకు స్టాండిష్ ఓగ్రేడీ, లేడీ గ్రెగరీ వంటివారి ఇంగ్లీషు పుస్తకాల ద్వారానే అందాయి. అయినా ఆయన 'కౌంటెస్ కాథ్లీన్' నాటకం 1899 మే నెలలో డబ్లిన్‌లో ఆడినప్పుడు గొడవయింది. కజిన్స్ ఎటెయిన్ మీద ఎవరూ గొడవ చేయలేదు. తేడా ఎక్కడుంది?

నాటకంలో కథ ఇది. దేశంలో కరువు. వర్తకుల వేషంలో వచ్చిన ఇద్దరు పిశాచాలు బంగారం ఇచ్చి పేదల ఆత్మలు కొంటున్నారు. జమీందారిణి కాథ్లీన్ తన ఆస్తినంతా ధారపోసి, అదీ చాలక చివరికి తన ఆత్మనే అమ్మి ఊరిని కాపాడుతుంది. దేవుడు చేతను కాక ఉద్దేశాన్ని చూస్తాడు గనక ఆమె మోక్షానికే పోతుంది. 1845లో మొదలైన మహాక్షామంలో సుమారు పది లక్షల మంది చనిపోయి, మరో పది లక్షల మంది వలసపోయిన దేశం అది. ఆ కరువులో గంజి కోసం మతం మార్చుకున్నారన్న నింద అక్కడ ఇంకా పచ్చిగానే ఉంది. ఐరిష్ రైతు బంగారానికి ఆత్మను అమ్ముకున్నాడని రంగస్థలం మీద చూపడమా అని కాథలిక్కు విద్యార్థులు నిరసన లేఖ రాశారు. ఆ లేఖ మీద సంతకం పెట్టడానికి నిరాకరించిన విద్యార్థి ఒకడున్నాడు. అతడే జాయిస్. గాథ నిజమైన ఐరిష్ జానపదమని యేట్స్ మొదట నమ్మాడు. అది ఫ్రెంచి రచయిత ఒకరి పుస్తకం నుంచి వచ్చిందని తరవాత ఆయనకే తెలిసింది. ఇందులో హాస్యం ఉన్నా మా వాదానికి బలమే చేకూరుతుంది. గాథ పుట్టుక ఎక్కడిదైనా కానీ, ప్రేక్షకుల చెవికి అది తగిలింది. కరువు, ఆత్మ, గంజి అన్న మూడు మాటలు వాళ్ళ ఇళ్ళలో అప్పటికే ఉన్నాయి.

దాదాపు అదే సమయంలో మద్రాసు క్రైస్తవ కళాశాల విద్యార్థి, చిత్తూరు సీమవాడు కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము' రాశాడు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు తెగబోతుంటే, దైవం కోరిన బలిగా బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ గండిలోకి నడిచి వెళుతుంది. (పేరు ముసలమ్మే గాని ఆమె పడుచు. మన పల్లెల్లో అవ్వ పేరు మనవరాలికి పెట్టడం తెలిసినవారికి ఇది వింత కాదు.) ఇదే గాథ కన్నడంలో 'కెరెగె హార' అన్న జానపద గేయంగా ఉంది. అక్కడ కూడా చిన్నకోడలే. ఆమె పేరు భాగీరథి. పేరులోనే గంగ ఉంది చూడండి. నీళ్ళు పడని చెరువుకు బలిచ్చిన కోడలికి భాగీరథి అని పేరు పెట్టిన ఆ అజ్ఞాత గాయకురాలో గాయకుడో, సగం మాటలో సూచన చేయడం ఎలాగో జాయిస్ కన్నా ముందే తెలిసినవారు. మూడు భాషలు వినిపించే హోసూరు విద్యార్థికి ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివే అవకాశం గుంటూరు విద్యార్థి కన్నా ఎక్కువ.

కాథ్లీన్‌నూ ముసలమ్మనూ పోల్చినప్పుడు ఇద్దరూ త్యాగమూర్తులే అని వదిలేయడం తేలిక. తేడాను చూడడం మేలు. కట్టమంచి గాథను విషాదానికి ఎత్తాడు గాని ప్రశ్నించలేదు. బలి కోరిన దైవం తప్పా ఒప్పా అన్నది ఆ కావ్యం అడగదు. యేట్స్ మాత్రం ఇతరుల కోసం తన మోక్షాన్నే వదులుకోవడం పాపమా పుణ్యమా అన్న ప్రశ్నను, సమాధానం తమ చేతిలో సిద్ధంగా ఉందనుకునే మతాచార్యుల ముందు పెట్టాడు. పుస్తకాల్లో చదివి తెచ్చుకున్న గాథ అయినా, ఎదుటివాడి విశ్వాసంతో తగాదా పెట్టుకున్నప్పుడు దానికి ప్రాణం వచ్చింది. కజిన్స్‌లో తగాదా లేదు, శాంతి మాత్రమే ఉంది. శాంతి మంచిదే, కాని కావ్యానికి ఎప్పుడూ కాదు.

సింగ్ సంగతి వేరు. (పంజాబు సింగులతో సంబంధం లేదు, జె. ఎం. సింగ్ డబ్లిన్ ప్రొటెస్టెంటు కుటుంబంలో పుట్టినవాడు.) ఈయన ఐరిష్ నేర్చుకుని, పడమటి సముద్రంలోని అరన్ దీవులకు పోయి, అక్కడివారి నడుమ ఉండి వాళ్ళ మాట విన్నాడు. 1905లో ఆడిన ఆయన నాటకం 'ది వెల్ ఆఫ్ ది సెయింట్స్'లో గుడ్డివాళ్ళైన ముసలి దంపతులు ఉంటారు. తాము అందగాళ్ళమని ఊరివాళ్ళు ఆడించిన మాట నమ్ముకుని సంతోషంగా ఉంటారు. ఒక సాధువు పుణ్యతీర్థం చల్లి చూపు తెప్పిస్తాడు. ఒకరినొకరు చూసుకుంటారు, తగువులాడుకుంటారు, విడిపోతారు. కొన్నాళ్ళకు చూపు మళ్ళీ పోతుంది. సాధువు రెండోసారి తీర్థం తెచ్చినప్పుడు గుడ్డివాడు ఆ పాత్రను చేత్తో తన్ని నీళ్ళు ఒలకబోస్తాడు. మహిమను కాదనలేదు, మహిమ తనకు అక్కరలేదన్నాడు. రాముడు బాణం వేసి నీళ్ళు తెప్పించాడని చెప్పుకునే హరూరు దగ్గరి తీర్థమలైకి పోయి, ఆ ధార కింద నిలబడిన వారెవరైనా ఈ నాటకాన్ని ఒకసారి చదవాలి. తీర్థం మీద నమ్మకం ఉన్నవాడికే ఆ ఒలకబోత గుండెల్లో తగులుతుంది. నమ్మకం లేనివాడికి అది నీళ్ళు ఒలికిన శబ్దం మాత్రమే.

ఆ గుడ్డి దంపతుల ఇంటిపేరు 'డౌల్'. ఐరిష్‌లో గుడ్డి అన్న అర్థమిచ్చే 'డాల్' నుంచి వచ్చిన మాట అది. నాటకం ఇంగ్లీషులో ఉంది. పేరు ఐరిష్‌లో ఉంది. లండను ప్రేక్షకుడికి అది పేరు మాత్రమే, గాల్వే ప్రేక్షకుడికి అది వర్ణన. ఇదే సగం మాట. హోసూరు వైపు ఒక కథలో మునియప్ప అన్న మనిషి వస్తే విజయవాడ పాఠకుడికి వినిపించేది ఒక పేరు. మన ప్రాంతంవాడికి చెరువు కట్ట మీద చెట్టుకింద మునీశ్వరుడి రాయి కూడా కనిపిస్తుంది.

ఇక జాయిస్. ఇక్కడ కొంచెం నిదానించాలి.

'ఎ పోర్ట్రెయిట్ ఆఫ్ ది ఆర్టిస్ట్' నవల 1916లో పుస్తకంగా వచ్చింది. అందులో స్టీఫెన్ అన్న విద్యార్థి, కళాశాలలో ఇంగ్లండు నుంచి వచ్చిన జెసూట్ గురువుతో మాట్లాడుతూ దీపంలో నూనె పోసే గరాటును 'టండిష్' అంటాడు. గురువు ఆ మాట ఎన్నడూ వినలేదు. అది ఐర్లండు మాట కాబోలు అనుకుంటాడు. స్టీఫెన్ మనసు చివుక్కుమంటుంది. తాను మాట్లాడుతున్న భాష తనది కాక ముందు ఈయనదీ అన్న భావం అతణ్ణి కుదిపేస్తుంది. తరవాత నిఘంటువు తీసి చూస్తే అది శుద్ధమైన పాత ఇంగ్లీషు మాటే. మా శాస్త్రం భాషాశాస్త్రం గనక ఈ ఘట్టం మాకు మరీ ఇష్టం. అంచున ఉన్నవాడి నోట పాత మాట నిలుస్తుంది. నడిమధ్యవాడు దాన్ని మరచిపోయి, అంచువాడిది తప్పంటాడు. మన వైపు గుడిని 'దేవళం' అంటారు. కోస్తా నుంచి వచ్చిన మనిషి వింటే అదేదో కన్నడమో తమిళమో కలిసిన మాట అనుకుంటాడు. 'దేవళము' నిఘంటువుల్లో దర్జాగా కూర్చున్న తెలుగు మాట. హోసూరు కొండమీది చంద్రచూడేశ్వరుడి గుడిని దేవళం అన్నందుకు ఏ విద్యార్థీ సిగ్గుపడనక్కరలేదు.

జాయిస్‌కు ఐరిష్ అంతంతమాత్రం. కొన్నాళ్ళు నేర్చుకుని మానేశాడు. కూహులిన్, ఎటెయిన్, ఓషీన్ వంటి వీరగాథల మీద ఆయనకు యేట్స్‌కు ఉన్నంత మోజు లేదు. ఆయన సూచనలన్నీ దాదాపుగా కాథలిక్కు పూజావిధి నుంచి, ప్రశ్నోత్తరాల మతబోధ నుంచి, సాధువుల పండుగల నుంచి వచ్చాయి. అంటే పుస్తకాల నుంచి కాక ఆదివారాల నుంచి వచ్చాయి. ఆయన మతాన్ని వదిలేశాడు. మతం ఆయన చెవిని వదల్లేదు.

'డబ్లినర్స్' సంపుటి 1914లో అచ్చయింది. అందులో చివరి కథ 'ది డెడ్'. కథానాయకుడి పేరు గేబ్రియల్. పిన్నమ్మల ఇంట్లో ఏటేటా జరిగే విందుకు భార్య గ్రెటాతో వస్తాడు, ఉపన్యాసం ఇస్తాడు, మెప్పు పొందుతాడు. రాత్రి హోటలు గదిలో భార్య ఏడుస్తూ తన చిన్ననాటి సంగతి చెబుతుంది. గాల్వేలో మైకేల్ ఫ్యూరీ అన్న పదిహేడేళ్ళ కుర్రవాడు ఆమె కోసం జబ్బుతోనే వానలో నిలబడి, తరవాత చనిపోయాడు. గేబ్రియల్ కిటికీ లోంచి మంచు కురవడం చూస్తూ ఉండగా కథ ముగుస్తుంది.

గేబ్రియల్, మైకేల్: ఇద్దరూ దేవదూతల పేర్లు. ఇంతవరకు ఏ అధోజ్ఞాపిక అయినా చెబుతుంది. సగం మాట అక్కడితో ఆగదు. గేబ్రియల్ శుభవార్త చెప్పే దూత, మేరీకి బిడ్డ పుడతాడని చెప్పినవాడు. ఈ కథలో గేబ్రియల్ చెప్పే వార్త ఒక్కటీ లేదు. వార్త అతడికే అందుతుంది, అదీ చావు వార్త. మైకేల్ దేవసేనకు నాయకుడు. కథలో మైకేల్ గ్యాసు కర్మాగారంలో పనిచేసిన బక్క కుర్రవాడు. అయినా గెలిచినవాడు అతడే. 1886 నుంచి పోపు ఆదేశం వల్ల సామాన్య పూజ ముగిసిన ప్రతిసారీ సెయింట్ మైకేల్‌కు ఒక ప్రార్థన చదివేవారు. చనిపోయినవారి పూజలో ఆత్మలను వెలుగులోకి నడిపించేవాడూ మైకేలే. ఆ రోజుల డబ్లిన్ కాథలిక్కుకు ఆ పేరు వినగానే మోకాళ్ళ కింద నేల చల్లదనం కూడా గుర్తుకొస్తుంది. ఆ పాఠకుడికి జాయిస్ ఏమీ వివరించనక్కరలేదు. విందు జరిగేది జ్ఞానులకు క్రీస్తు దర్శనమిచ్చిన పండుగ రోజుల్లోనని సాధారణంగా విమర్శకులు చెబుతారు. చివరి పేరాలో ఆ కుర్రవాడి సమాధి ఉన్న తోటలో శిలువలు, ఈటెల్లాంటి గేటు చువ్వలు, ముళ్ళు మంచు కింద కనిపిస్తాయి. శిలువ, ఈటె, ముల్లు. క్రీస్తు పేరు ఎక్కడా లేదు. పేరు ఎత్తి ఉంటే కథ చెడిపోయేది.

1922 నాటి 'యులిసిస్' గురించి ఒక మాట చెప్పాలి, అది పరీక్షల్లో వచ్చే ప్రశ్న గనక. 1923లో ఎలియట్ రాసిన వ్యాసం వల్ల ఒక అభిప్రాయం స్థిరపడింది: చెల్లాచెదురైన నేటి జీవితానికి ప్రాచీన పురాణం ఒక చట్రాన్ని ఇస్తుందని, జాయిస్ హోమర్‌ను వాడింది అందుకేనని. మేము దీనితో పూర్తిగా ఏకీభవించం. హోమర్ ఆ నవల పేరులో ఉన్నాడు. అధ్యాయాలకు హోమర్ పేర్లు పుస్తకంలో అచ్చు కాలేదు, పండితుల పట్టికల్లో ఉన్నాయి. పుస్తకం లోపల డబ్లిన్ మనిషి చెవికి తగిలేది హోమర్ కాదు. మొదటి పేజీలోనే ఒక వైద్య విద్యార్థి గడ్డం గీసుకునే గిన్నెను పూజాపాత్రలా పైకెత్తి పూజారిని వెక్కిరిస్తాడు. సారాకొట్టు అధ్యాయం చివర, బిస్కెట్ల డబ్బా విసిరినవాడి నుంచి తప్పించుకుని బండెక్కి పారిపోతున్న యూదు బ్లూమ్, అగ్నిరథం మీద స్వర్గానికి పోయిన ఏలియా ప్రవక్తలా కనిపిస్తాడు. నవ్వు వస్తుంది, ఆ నవ్వు కింద ఒక గౌరవం కూడా ఉంది. హోమర్ పండితులకు ఇచ్చిన చట్రం. పూజ ఇరుగుపొరుగుకు ఇచ్చిన సూచన. నవలను నడిపించేది రెండోదే.

పైగా పురాణం నేటి బతుక్కి చట్రం వేస్తుందన్నది ఎలియట్‌కు కొత్తగా తోచింది గాని కృష్ణగిరి పల్లెల్లో అది ఏటేటా జరిగే పని. ద్రౌపదమ్మ గుడి ముందు భారతం పెట్టినప్పుడు రాత్రుళ్ళు తెరుకూత్తు ఆడతారు. చిత్తూరు, కుప్పం వైపు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి వేషగాడు తపసు మాను ఎక్కుతాడు. ఆఖరి రోజున బయలులో పెద్ద దుర్యోధనుణ్ణి మట్టితో పడుకోబెట్టి, భీముడి వేషగాడు తొడ పగలగొట్టాక, ద్రౌపది వేషగాడు జుట్టు ముడుస్తాడు. నిన్న కూలికి పోయిన మనిషే ఇవాళ భీముడు, రేపు మళ్ళీ కూలికే పోతాడు. చట్రం పైనుంచి దించినది కాదు. ఊరి బయలే కురుక్షేత్రం. డబ్లిన్ ఒక రోజులో ఒడిస్సీని చూసిన జాయిస్ పద్ధతి మన వైపు విద్యార్థికి, ఆక్స్‌ఫర్డు విద్యార్థికన్నా కొరుకుడు పడవలసింది. అలా పడకపోతే అది విద్యార్థి లోపం కాదు, మన పాఠం చెప్పే తీరులోని లోపం.

తెలుగులో జాయిస్ ప్రభావం అనగానే 1969లో వెలువడిన నవీన్ నవల 'అంపశయ్య' పేరు చెబుతాం. ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టల్లోని రవి అన్న విద్యార్థి ఒక రోజు ఆలోచనల ప్రవాహం అది. ఆ పేరు చేసిన పని చిన్నది కాదు. ఒక్క సమాసంలో భీష్ముడు, ఉత్తరాయణం కోసం ఎదురుచూపు, పడుకోవడానికి లేవడానికి వీల్లేని స్థితి, అన్నీ వచ్చేశాయి. పంచాంగంలో భీష్మ ఏకాదశి ఉన్నంతకాలం ఆ సమాసానికి వ్యాఖ్య అక్కరలేదు. మాకున్న అసంతృప్తల్లా, పేరులో అంత బలంగా మోగిన పురాణం లోపలి పేజీల్లో రవి మాటల్లోకి, తిట్లలోకి, హాస్యంలోకి అంతగా దిగి రాలేదన్నదే. గుమ్మం మీద తోరణం కట్టి ఉంది, ఇంట్లో పండుగ వంట వాసన తక్కువ.

ఫ్లాన్ ఓబ్రయన్‌ను ఒక్క మాటతో వదిలేస్తాం. 1939 నాటి ఆయన నవల 'ఎట్ స్విమ్ టూ బర్డ్స్'లో స్వీనీ అనే పాత రాజు వస్తాడు. సాధువు రోనన్ ప్రార్థనగ్రంథాన్ని సరస్సులో విసిరేసి, శాపం తగిలి, పిట్టలా చెట్ల మీద తిరుగుతాడు. ఓబ్రయన్ ఆ పాత కావ్యాన్ని ఐరిష్‌లోనే చదివినవాడు. అందుకే దాన్ని భక్తిగా అనువదించగలడు, మరుక్షణం వెక్కిరించగలడు. వెక్కిరించడానికి కావలసిన చనువు యేట్స్‌కు లేదు. భాష వచ్చినవాడికే ఆ చనువు.

ఇప్పుడు హోసూరుకు వద్దాం. ఐర్లండులో 1831 తరవాత వచ్చిన బడుల్లో చదువు ఇంగ్లీషులో సాగింది, తరవాత కరువు వచ్చింది; రెండు మూడు తరాల్లో భాష పడమటి అంచులకు పోయింది. గాథలు ఇంగ్లీషులోకి దాటాయి, పూజ లాటిన్‌లో సాగింది. సూచన లాటిన్ పక్కన బతికింది. అంటే భాష పోయినా ఆచారం మిగిలితే సూచనకు ఇంకో దారి దొరుకుతుంది. మన వైపు కూడా గాథలకు భాష అడ్డం కాదు. 'రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టు' అని మనమంటే, తమిళులు తెల్లవార్లూ రామాయణం విని సీతకు రాముడు చిన్నాన్న అన్నట్టు అంటారు. ఒకే నవ్వు, రెండు చుట్టరికాలు. శకుని, కుంభకర్ణుడు మూడు భాషల్లోనూ తిట్లే. కాని పిడకలవేట దాటలేదు. శల్యసారథ్యం అంటే ఏమిటో, ఫలానావాడు సైంధవుడిలా అడ్డుపడ్డాడంటే ఎందుకు కోపమో, తెలుగును వంటింట్లో మాత్రమే మాట్లాడే కుర్రవాడికి తెలియదు. వంటింటి మాటల్లో సంగటి ఉంటుంది, సైంధవుడు ఉండడు.

2006లో తమిళనాడు చేసిన చట్టం తమిళాన్ని అన్ని బడుల్లోనూ దశలవారీగా తప్పనిసరి చేసింది. దాని మీద న్యాయస్థానాల్లో భాషా అల్పసంఖ్యాకులు ఏళ్ళ తరబడి పోరాడారు, పరీక్షలకు మినహాయింపులు తెచ్చుకున్నారు. తమిళం నేర్చుకోవడం నష్టమని మేము ఎన్నడూ అనం. తమిళం రాని హోసూరు తెలుగువాడు తెరుకూత్తు ముందు కూర్చుని సగం భారతం పోగొట్టుకుంటాడు. పోయేది తెలుగు అక్షరం పక్కకు తప్పుకున్నప్పుడు. చదవడం రానివాడికి సామెత అవ్వతోనే ఆగిపోతుంది. మన వైపు కథకులు మన యాసలోనే రాస్తే, పల్లె దేవరల పేర్లను పాత్రలకు పెడితే, ఆ పేర్లలోని సగం మాట వినగల పాఠకులు ఇంకా ఎంతమంది ఉంటారన్నది వాళ్ళ సాహిత్యానికి ప్రాణప్రశ్న. ఆ చెవి ఉన్నంతవరకు వాళ్ళు సింగ్‌లా రాయగలరు. అది పోతే కజిన్స్‌లా రాయవలసి వస్తుంది.

ఈ వ్యాసం చదివిన విద్యార్థులకు ఒక పని ఇస్తున్నాం. మీ ఇంట్లో, వీధిలో, సంతలో పురాణ పాత్రల పేరుతో వినిపించే మాటలు, తిట్లు, సామెతలు, పొలాల పేర్లు, గుట్టల పేర్లు రాసుకోండి. ఒక్కొక్కదాని పక్కన అది ఏ భాషలో విన్నారో, చెప్పినవారి వయసు ఎంతో రాయండి. చంద్రచూడేశ్వరుడి కొండకు ఉడుము కథ ఉంది: శివుడు ఉడుము రూపెత్తి పరుగెత్తితే పార్వతి వెంటబడిందని. ఆ ఉడుము మీ ఇంటి మాటల్లో ఎక్కడైనా మిగిలి ఉందేమో మొదట చూడండి. దక్షిణ పినాకినిని మీ ఊళ్ళో ఏమని పిలుస్తారో, ఆ పేరులో శివుడి విల్లు ఉందని ఎవరికైనా తెలుసో అడగండి. జవాబు తెలియదని వస్తే అదీ రాయండి. వచ్చిన పట్టికలను మా తరగతిలో 'ది డెడ్' పాఠంతో కలిపి చదువుతాం.